మందు వేసుకునే ముందు అయిదు మాటలు
(కుటుంబ నియంత్రణ మాత్రలు, సూదిమందు వాడే దంపతులకు)



మన దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లో మొదలయింది. అప్పటినుంచి ఎన్నో పద్ధతులు వచ్చాయి. ఇవాళ ఉపకేంద్రంలోనూ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ మాలా-ఎన్ మాత్రలు, ఛాయా మాత్రలు, అంతర సూదిమందు, కాపర్-టి, నిరోధ్ అన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి. కొన్నింటిని ఆశ కార్యకర్త ఇంటికే తెచ్చి ఇస్తుంది.

మందు చేతికి రావటం సగం పనే. దాన్ని సరిగా వాడటం మిగతా సగం. మంచి విత్తనం తెచ్చుకున్నా అదును తప్పి చల్లితే పంట రాదు గదా! మాత్రలు కూడా అంతే. "మాత్రలు వేసుకుంటూనే వున్నాం, అయినా నెల తప్పింది" అని వచ్చే ఇల్లాళ్ళను విచారిస్తే చాలాసార్లు బయటపడేది ఒకటే. మాత్రలో లోపం వుండదు, వాడకంలో పొరపాటు వుంటుంది.

నర్సు చదువులో మందుల గురించి నేర్పే మొదటి పాఠం ఒకటి వుంది. రోగికి ఏ మందు ఇచ్చే ముందయినా నర్సు అయిదు సంగతులు సరిచూసుకోవాలి. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన వేళ, సరైన మార్గం. ఆసుపత్రిలో అయితే ఈ అయిదూ నర్సమ్మ చూసుకుంటుంది. ఇంట్లో మాత్ర వేసుకునేటప్పుడు చూసుకోవలసింది మీరే. భార్యాభర్తలిద్దరూ ఈ అయిదు మాటలూ తెలుసుకోండి.

మొదటి మాట: సరైన మనిషి

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. కాని పొరుగింటి మాత్ర మాత్రం మనకు పనికిరాదు. తోడికోడలికి పడిన మాత్ర మీకు పడుతుందని చెప్పలేము. చెల్లెలి దగ్గర ఎక్కువ పాకెట్లు వున్నాయని తెచ్చుకోకండి. మీ దగ్గరున్నవి ఇంకొకరికి ఇవ్వకండి.

మాలా-ఎన్ మాత్ర చాలామంది స్త్రీలకు సురక్షితమైనదే. కాని కొందరు వాడకూడదు. మొదలుపెట్టే ముందు నర్సమ్మ మీ రక్తపు పోటు చూస్తుంది, కొన్ని ప్రశ్నలు వేస్తుంది. సిగ్గుపడకుండా, దాచకుండా జవాబు చెప్పండి. ఈ కింది వాటిలో ఏది వున్నా ముందుగానే చెప్పాలి:

– బిడ్డకు పాలిస్తున్నారా? బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా పాలిచ్చే తల్లి మాలా-ఎన్ వాడకూడదు. పాలు తగ్గే అవకాశం వుంది.
– రక్తపు పోటు 140/90 గాని అంతకు మించి గాని వున్నదా?
– పచ్చకామెర్లు, కాలేయపు జబ్బు వున్నాయా? ఈ మధ్య వచ్చాయా?
– గుండె జబ్బు గాని, పక్షవాతం గాని, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టటం గాని ఎప్పుడయినా వచ్చిందా?
– కళ్ళ ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించి ఆ తరువాత వచ్చే పార్శ్వపు తలనొప్పి వున్నదా?
– రొమ్ములో గడ్డ వున్నదా?
– వయసు 35 దాటిందా, చుట్ట గాని బీడీ గాని తాగే అలవాటు వున్నదా? ఈ రెండూ వున్న స్త్రీ మాలా-ఎన్ వాడకూడదు. మన పల్లెల్లో అడ్డపొగ తాగే అమ్మలున్నారు. ఆ సంగతి కూడా చెప్పాలి.
– క్షయకు గాని, మూర్ఛకు గాని మందులు వాడుతున్నారా?

ఇవేవీ లేకపోతే మాలా-ఎన్ నిశ్చింతగా వాడవచ్చు. ఏదయినా వుంటే దిగులు పడనవసరం లేదు. మీకు తగిన వేరే పద్ధతి తప్పకుండా వుంటుంది.

రెండవ మాట: సరైన మందు

ఇంట్లో ఒకే గూట్లో నాలుగు రకాల మాత్రలు వుండటం మామూలే. జ్వరం మాత్రలు, రక్తం పట్టటానికి ఇచ్చిన ఎర్ర మాత్రలు, అత్తగారి రక్తపు పోటు మాత్రలు, వాటి పక్కనే కుటుంబ నియంత్రణ మాత్రలు. చీకట్లో చెయ్యి పెడితే ఏది ఏదో తెలియదు. కాబట్టి మీ మాత్రలను వేరే డబ్బాలో పెట్టుకోండి. దీపం వెలుతురులో పాకెట్టు చూసుకుని మింగండి.

కుటుంబ నియంత్రణ మాత్రల్లో కూడా మూడు రకాలున్నాయి. మూడింటినీ వాడే తీరు వేరు.

మాలా-ఎన్: ఇది రోజూ వేసుకునే మాత్ర. ఒక పాకెట్టులో 28 మాత్రలుంటాయి. వాటిలో 21 తెల్లవి. గర్భం రాకుండా కాపాడేవి ఇవే. మిగతా 7 ముదురు రంగువి. అవి ఇనుము మాత్రలు, రక్తం పట్టటానికి.

ఛాయా: ఇది వారం మాత్ర. దీనిలో హార్మోనులు లేవు. దీన్ని లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో మన శాస్త్రజ్ఞులే తయారుచేశారు. 1991లో సహేలి అనే పేరుతో బజారులోకి వచ్చింది. తరువాత ప్రభుత్వం దీన్ని ఛాయా అనే పేరుతో ఉచితంగా ఇవ్వటం మొదలుపెట్టింది. పాలిచ్చే తల్లులు కూడా వాడవచ్చు. కాని పచ్చకామెర్లు, కాలేయపు జబ్బు, మూత్రపిండాల జబ్బు, క్షయ, అండాశయాల్లో నీటి తిత్తులు వున్నవారు డాక్టరును అడగకుండా వాడకూడదు.

ఈజీ పిల్: ఇది అత్యవసరానికి మాత్రమే. నిరోధ్ చిరిగినా, ఏ రక్షణా లేకుండా కలుసుకున్నా, 72 గంటల లోపల ఒక్క మాత్ర వేసుకోవాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. ఇది అప్పటికే వచ్చిన గర్భాన్ని పోగొట్టదు. రోజువారీ పద్ధతిగా పనికిరాదు. దీన్ని మాటిమాటికీ వాడవలసి వస్తున్నదంటే మీకు సరైన పద్ధతి లేదన్నమాట. నర్సమ్మ దగ్గరకు వెళ్ళి ఒక పద్ధతి ఎంచుకోండి.

అక్షరాలు రాని అమ్మలు పాకెట్టు మీద బొమ్మను, రంగును గుర్తుపెట్టుకోండి. ఆశ కార్యకర్త చేత పాకెట్టు మీద గుర్తు పెట్టించుకోండి. ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలు చదివి చెబుతారని మందుల సంగతి వారికి వదిలిపెట్టకండి.

పాకెట్టు తీసుకునేటప్పుడే గడువు తేదీ చూడమని అడగండి. గడువు దాటినవి, రేకు చిరిగినవి, చెమ్మ తగిలి రంగు మారినవి వాడకూడదు. తిరిగి ఇచ్చేసి కొత్తవి తీసుకోండి.

మూడవ మాట: సరైన మోతాదు

రెండు మాత్రలు వేసుకుంటే రెట్టింపు బలం అనుకోవద్దు. ఒక మాత్ర మానేసినా ఏమీ కాదులే అనుకోవద్దు.

మాలా-ఎన్ మోతాదు: రోజుకు ఒకటి. బహిష్టు మొదలయిన అయిదు రోజుల లోపల మొదటి తెల్ల మాత్రతో ప్రారంభించాలి. బాణం గుర్తు చూపిన వరుసలో పోవాలి. తెల్లవి 21 రోజులు, ముదురు రంగువి 7 రోజులు. ముదురు రంగు మాత్రలు వేసుకునే రోజుల్లో బహిష్టు అవుతుంది. 28వ మాత్ర అయిన మరునాడే కొత్త పాకెట్టు మొదలుపెట్టాలి. బహిష్టు ఆగలేదనో, ఇంకా రాలేదనో ఎదురుచూడకూడదు. ఒక్కరోజు కూడా ఎడం వుండకూడదు. అందుకే ఒక పాకెట్టు ఎప్పుడూ ఎక్కువగా ఇంట్లో వుంచుకోవాలి.

బహిష్టు మొదలయిన అయిదు రోజులు దాటాక ప్రారంభిస్తే, గర్భం లేదని నర్సమ్మ నిర్ధారించిన తరువాత మొదలుపెట్టి, మొదటి 7 రోజులూ నిరోధ్ కూడా వాడాలి.

ఛాయా మోతాదు: మొదటి మూడు నెలలు వారానికి రెండు మాత్రలు. ఆ తరువాత వారానికి ఒక్కటే. బహిష్టు వచ్చిన మొదటి రోజున మొదటి మాత్ర వేసుకోవాలి. ఆ రోజు ఏ వారమో దాన్నిబట్టి మీ రెండు రోజులు తేలుతాయి:

ఆదివారం మొదలుపెడితే – ఆదివారం, బుధవారం
సోమవారం మొదలుపెడితే – సోమవారం, గురువారం
మంగళవారం మొదలుపెడితే – మంగళవారం, శుక్రవారం
బుధవారం మొదలుపెడితే – బుధవారం, శనివారం
గురువారం మొదలుపెడితే – గురువారం, ఆదివారం
శుక్రవారం మొదలుపెడితే – శుక్రవారం, సోమవారం
శనివారం మొదలుపెడితే – శనివారం, మంగళవారం

మూడు నెలలయ్యాక మొదటి మాత్ర వేసుకున్న వారం నాడే, వారానికి ఒక్కటి వేసుకుంటూ పోవాలి. మధ్యలో బహిష్టు ఎప్పుడు వచ్చినా ఈ రోజులు మారవు. గోడ మీది కేలండరులో ఆ వారాలకు సున్నా చుట్టుకోండి. మాత్ర వేసుకోగానే ఆ సున్నాలో గీత పెట్టండి.

నాలుగవ మాట: సరైన వేళ

మాలా-ఎన్ రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. రాత్రి అన్నం తిన్న తరువాత, పడుకోబోయే ముందు వేసుకుంటే మంచిది. వికారం తక్కువగా వుంటుంది, మరచిపోవటమూ తక్కువే. నాట్లకు, కోతలకు, పత్తి ఏరటానికి వేరే ఊరు పోయేటప్పుడు బట్టలతోబాటు మాత్రల పాకెట్టు కూడా మూటలో పెట్టుకోండి. తిరునాళ్ళకు పోయినా, పుట్టింటికి పోయినా అంతే.

మరచిపోతే ఏం చేయాలి? ఇది బాగా గుర్తుంచుకోవలసిన సంగతి.

మాలా-ఎన్ తెల్ల మాత్ర ఒకటి మరచిపోతే: గుర్తు రాగానే వేసుకోండి. ఆనాటి మాత్ర ఆ వేళకు మామూలుగా వేసుకోండి. ఒకే రోజు రెండు పడినా ఫరవాలేదు.

తెల్ల మాత్రలు రెండుగాని, అంతకన్న ఎక్కువగాని వరసగా మరచిపోతే: గుర్తు రాగానే ఒకటి వేసుకుని, రోజూ ఒకటి చొప్పున కొనసాగించండి. 7 రోజులు నిరోధ్ తప్పకుండా వాడండి. మొదటి వారంలోనే ఇలా జరిగి, ఆ రోజుల్లో మీరిద్దరూ కలుసుకుని వుంటే, ఈజీ పిల్ అవసరమేమో వెంటనే నర్సమ్మను అడగండి. మూడవ వారంలో జరిగితే, మిగిలిన తెల్ల మాత్రలు పూర్తిచేసి, ముదురు రంగు మాత్రలు వదిలేసి, మరునాడే కొత్త పాకెట్టు మొదలుపెట్టండి.

ముదురు రంగు మాత్ర మరచిపోతే: గర్భం భయం లేదు. దాన్ని పారేసి మిగతావి వరసలో వేసుకోండి. కొత్త పాకెట్టు మాత్రం అనుకున్న రోజుకే మొదలుకావాలి.

ఛాయా మరచిపోతే: గుర్తు రాగానే వేసుకోండి. మళ్ళీ బహిష్టు వచ్చేదాకా నిరోధ్ కూడా వాడండి. ఏడు రోజులు దాటిపోతే, కొత్తగా మొదలుపెట్టినట్టే మళ్ళీ వారానికి రెండు చొప్పున మూడు నెలలు వేసుకోవాలి.

మాలా-ఎన్ వేసుకున్న రెండు గంటల లోపల వాంతి అయితే ఆ మాత్ర పోయినట్టే. ఎక్కువగా వున్న పాకెట్టులోంచి ఇంకొక తెల్ల మాత్ర వేసుకోండి. వాంతులు, విరేచనాలు రెండు రోజులు దాటి పట్టుకుంటే, మాత్రలు మరచిపోయిన లెక్కనే చూసుకుని నిరోధ్ వాడండి.

అయిదవ మాట: సరైన మార్గం

మాత్ర నీళ్ళతో నోటిద్వారా మింగటానికే. మొదటిసారి వాడేవారిలో కొందరికి ఈ సంగతి కూడా విడమరచి చెప్పాలి, చెప్పటంలో తప్పు లేదు. మాత్ర మింగవలసింది భార్యే. భర్త మింగితే గర్భం ఆగదు.

అంతర సూదిమందు మూడు నెలలకొకసారి. 2017 నుంచి ఇది ప్రభుత్వ కార్యక్రమంలో వుంది. దీన్ని శిక్షణ పొందిన నర్సమ్మగాని డాక్టరుగాని, కొత్త సూదితోనే వేయాలి. ఊళ్ళో ఎవరో సూది వేస్తారు గదా అని మందు తెచ్చి వారి చేత వేయించుకోకండి. సూది వేసిన చోట రుద్దకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. రుద్దితే మందు త్వరగా కరిగిపోయి మూడు నెలలు పనిచేయదు. కార్డు మీద రాసిన తేదీకి మళ్ళీ రావాలి. అంతకు రెండు వారాలు ముందు వచ్చినా, నాలుగు వారాలు ఆలస్యమయినా సూది వేస్తారు. అంతకు మించి ఆలస్యమయితే గర్భం లేదని చూసుకుని వేయవలసి వుంటుంది. బిడ్డకు ఆరు వారాలు నిండాక పాలిచ్చే తల్లి కూడా ఈ సూది వేయించుకోవచ్చు. అంతర వాడేవారికి బహిష్టు అటూ ఇటూ అవుతుంది, కొన్నాళ్ళకు ఆగిపోవచ్చు కూడా. చెడు రక్తం లోపల నిలవ వుంటుందన్న మాట నిజం కాదు.

వేరే మందులు వాడుతుంటే

ఒక మందు ఇంకొక మందు పనిని చెడగొట్టటం వుంది. ఈ సంగతి తెలియక ఇబ్బందిపడేవారు వున్నారు.

క్షయకు ఇచ్చే మందుల్లో రిఫాంపిసిన్ అని ఒకటి వుంటుంది. అది వాడేవారికి మూత్రం నారింజ రంగులో వస్తుంది. ఈ మందు మన కాలేయాన్ని చురుకు చేసి, మాలా-ఎన్‌లోని మందును త్వరత్వరగా విరిచేస్తుంది. అప్పుడు మాత్ర వేసుకున్నా వేసుకోనట్టే. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటోన్ కూడా ఇలాగే చేస్తాయి. హెచ్.ఐ.వి. మందులు వాడేవారు కూడా నర్సమ్మకు చెప్పి తెలుసుకోవాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. కుటుంబ నియంత్రణ మాత్ర కోసం క్షయ మందుగాని, మూర్ఛ మందుగాని ఎన్నడూ ఆపకండి. ఆపితే ప్రాణానికే ముప్పు. మార్చవలసింది కుటుంబ నియంత్రణ పద్ధతిని. నిరోధ్, కాపర్-టి, అంతర – వీటిలో ఏది తగునో డాక్టరు చెబుతారు. క్షయ మందుల కోర్సు అయిపోయాక కూడా కనీసం నాలుగు వారాలు మాలా-ఎన్‌ను నమ్ముకోకూడదు. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడే స్త్రీ గర్భం వస్తే బిడ్డకు హాని కలగవచ్చు. అటువంటివారు నమ్మకమైన పద్ధతి తప్పక వాడాలి. బిడ్డ కావాలనుకుంటే ముందుగానే డాక్టరును అడగాలి.

జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ వల్లా, మామూలుగా ఇచ్చే యాంటీబయాటిక్ మందులవల్లా మాలా-ఎన్ పని చెడదు. అయినా ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా "నేను ఫలానా మాత్రలు వాడుతున్నాను" అని పాకెట్టు చూపించటం మంచి అలవాటు.

నర్సమ్మ – ఒక దంపతులు

ఇల్లాలు: నర్సమ్మగారూ, మాత్రలు మొదలుపెట్టి పదిహేను రోజులయింది. కడుపులో తిప్పినట్టుంటుంది. మానేద్దామా అనిపిస్తోంది.

నర్సమ్మ: కొత్తలో అలా వుంటుందమ్మా. వికారం, కొంచెం తలనొప్పి, రొమ్ములు బరువుగా వుండటం, మధ్యలో కాస్త రక్తపు మరక కనపడటం – ఇవి మొదటి రెండు మూడు నెలల్లో సర్దుకుంటాయి. రాత్రి అన్నం తిన్నాక వేసుకో. తగ్గకపోతే రా, వేరే పద్ధతి చూద్దాం. చెప్పకుండా మానెయ్యకు. మానేస్తే ఆ నెలలోనే గర్భం రావచ్చు.

ఇల్లాలు: మా అత్తమ్మ అంటుంది, ఈ మాత్రలు వేడి చేస్తాయట, కడుపులో గుట్టగా పేరుకుపోతాయట.

నర్సమ్మ: పేరుకోవమ్మా. మనం మింగిన జ్వరం మాత్ర ఎలా కరిగిపోతుందో ఇదీ అలాగే కరిగిపోతుంది. పైగా మాలా-ఎన్ వాడితే బహిష్టులో పోయే రక్తం తగ్గుతుంది, రక్తం పడుతుంది. మీ అత్తమ్మను కూడా ఒకసారి తీసుకురా, ఆమెకూ చెబుతాను.

భర్త: తరువాత పిల్లలు పుట్టరేమోనని మా భయం, నర్సమ్మా. మాకు ఒక్క పాపే.

నర్సమ్మ: పుడతారు బాబూ. మాత్రలు ఆపితే త్వరలోనే గర్భం ధరించే శక్తి మళ్ళీ వస్తుంది. సూదిమందు అయితే చివరి సూది తరువాత ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు. అందుకే పాపకు, పుట్టబోయే బిడ్డకు ఎంత ఎడం కావాలో మీరిద్దరూ ముందే అనుకోండి. కాన్పుకు కాన్పుకు కనీసం మూడేళ్ళ ఎడం వుంటే తల్లీ బిడ్డా తేరుకుంటారు.

భర్త: మరి నా వంతు ఏమిటి? మాత్ర ఆవిడ గదా మింగేది.

నర్సమ్మ: నీ వంతు చాలా వుంది నాయనా. రాత్రి అన్నం తిన్నాక "మాత్ర వేసుకున్నావా" అని ఒక్క మాట అడుగు. పాకెట్టు అయిపోకముందే కొత్తది వుందో లేదో చూడు. మరచిపోయిన రోజుల్లో నిరోధ్ వాడవలసింది నువ్వే. సుఖవ్యాధులు, హెచ్.ఐ.వి. రాకుండా కాపాడేది కూడా నిరోధ్ ఒక్కటే, మాత్రలు కాపాడవు. ఆమెకు ఏదయినా ప్రమాద లక్షణం కనిపిస్తే పొలం పని ఆపి ఆసుపత్రికి తీసుకురా.

వెంటనే ఆసుపత్రికి రావలసిన లక్షణాలు

మాలా-ఎన్ వాడేవారిలో ఇవి చాలా అరుదు. కాని వస్తే ఒక్కపూట కూడా ఆగకూడదు:

– పిక్కలో గాని తొడలో గాని విపరీతమైన నొప్పి, ఒక కాలు మాత్రమే వాయటం
– ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవటం
– ఎన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి
– చూపు మసకబారటం, మాట తడబడటం, చెయ్యిగాని కాలుగాని పట్టు తప్పటం
– కడుపులో తీవ్రమైన నొప్పి
– కళ్ళు, చర్మం పచ్చబడటం

అప్పుడు మాత్రలు ఆపి 108కి ఫోను చేయండి. ఆసుపత్రిలో "మాలా-ఎన్ వాడుతున్నాను" అని చెప్పటం మరువకండి.

పసిపిల్లలున్న ఇంట్లో

ముదురు రంగు మాత్రలు, గర్భిణికి ఇచ్చే ఎర్ర మాత్రలు – ఇవి ఇనుము మాత్రలు. పెద్దలకు బలమే. కాని పసిపిల్లలు చాక్లెట్టు అనుకుని గుప్పెడు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. మొదట వాంతులు, విరేచనాలు అయి, తరువాత తగ్గినట్టు కనిపించి, ఆ పైన మళ్ళీ ప్రమాదంలో పడతారు. కాబట్టి "బాగానే వున్నాడు గదా" అని ఇంట్లో వుంచుకోకండి. ఉప్పునీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. ఖాళీ పాకెట్టుతో సహా బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మాత్రలను పిల్లలకు అందని ఎత్తున, మూత గట్టిగా వుండే డబ్బాలో పెట్టండి. పొయ్యి దగ్గర, ఎండ తగిలే కిటికీలో, చెమ్మ వుండే చోట పెట్టకండి. పిల్లల ముందు మాత్రను "మిఠాయి" అనకండి.

నెల తప్పితే

మాత్రలు సరిగా వాడుతున్నా కొన్నిసార్లు ఒక నెల బహిష్టు రాకపోవచ్చు. ఛాయా కొత్తగా వాడేవారికి మొదటి నెలల్లో ఆలస్యం కావటం మామూలే. పదిహేను రోజులు దాటితే మూత్ర పరీక్ష చేయించుకోండి. ఉపకేంద్రంలో ఈ పరీక్ష ఉచితం.

గర్భం వచ్చిందని తేలితే కంగారుపడి మందుల షాపులో మాత్రలు కొని మింగకండి. గర్భం పోగొట్టే మాత్రలు డాక్టరు పరీక్షించి, ఎన్ని వారాలయిందో చూసి ఇవ్వవలసినవి. గర్భసంచిలో కాక గొట్టంలో పెరిగే గర్భం అయితే ఆ మాత్రలు పనిచేయవు, గొట్టం పగిలి లోపల రక్తస్రావమయి ప్రాణం పోవచ్చు. సగం పోయి సగం మిగిలితే రక్తస్రావం ఆగదు, చీము పడుతుంది. మన దేశంలో 1971 నాటి చట్టం ప్రకారం, 2021లో చేసిన సవరణ ప్రకారం, గర్భనిరోధక పద్ధతి విఫలమయి వచ్చిన గర్భాన్ని అర్హతగల డాక్టరు వద్ద, గుర్తింపు పొందిన ఆసుపత్రిలో తీయించుకునే హక్కు స్త్రీకి వుంది. పేరు బయటపెట్టరు. చాటుగా చేయించుకోవలసిన అవసరం లేదు.

గర్భం వచ్చిన సంగతి తెలియక కొన్నాళ్ళు మాలా-ఎన్ వేసుకున్నా బిడ్డకు హాని జరగదు. తెలియగానే మాత్రలు ఆపి, నర్సమ్మ దగ్గర పేరు నమోదు చేయించుకోండి.

నర్సమ్మను అడగండి, తిరిగి చెప్పండి

మందు ఇచ్చినప్పుడు తల ఊపి వచ్చేయకండి. ఈ ప్రశ్నలు అడగండి: ఈ మందు పేరేమిటి? ఎప్పుడు, ఎన్ని వేసుకోవాలి? ఎన్నాళ్ళు? మరచిపోతే ఏం చేయాలి? ఏ లక్షణం వస్తే రావాలి?

విన్నది మీ మాటల్లో తిరిగి నర్సమ్మకు చెప్పండి. ఎక్కడయినా తేడా వుంటే అక్కడే సరిదిద్దుతుంది. ఇది మీకు పెట్టే పరీక్ష కాదు. తాను సరిగా చెప్పానో లేదో నర్సమ్మ చూసుకోవటానికే. రెండుసార్లు అడిగినా, మూడుసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పటం ఆమె పని.

ఈ కాగితం చదివి పారేయకండి. మాత్రల డబ్బాలో మడిచిపెట్టుకోండి. చదవటం రాని పక్కింటి అమ్మకు చదివి వినిపించండి. ఆమెకు మీ మాత్రలు ఇవ్వవద్దు, ఈ అయిదు మాటలూ చెప్పండి:

సరైన మనిషి. సరైన మందు. సరైన మోతాదు. సరైన వేళ. సరైన మార్గం.

సందేహం వుంటే ఉపకేంద్రానికి రండి. దంపతులిద్దరూ కలిసి వస్తే మరీ మంచిది.